రక్త పరీక్షలో తేడా వస్తే

కడియం నర్సరీలో సంచులకు మట్టి నింపే ఒక కోడలు ఉందనుకోండి. ఆమెకు ఇప్పుడు నాలుగో నెల. రాజమండ్రిలో రక్త పరీక్ష చేయించుకుంది. "రిస్కు ఎక్కువ" అని కాగితం వచ్చింది. ఆ రాత్రి ఇంట్లో ఎవరికీ అన్నం సహించలేదు.

"గ్రహణం నాడు కత్తిపీట ముట్టుకున్నావేటే?" అని అత్తగారు అడిగింది.

గ్రహణానికీ దీనికీ సంబంధం లేదు. గ్రహణం మొర్రి అన్న పేరు వల్ల ఆ భయం ఇంకా పోలేదు గానీ, ఆ మొర్రి కూడా గ్రహణం వల్ల రాదు.

మరి కాగితంలో ఏముంది? కడుపులో బిడ్డ లివరులో ఏ.ఎఫ్.పి. అనే పదార్థం తయారవుతుంది. అది కొంచెం తల్లి రక్తంలోకి వస్తుంది. బిడ్డ వెన్నెముక సరిగా మూసుకోకపోతే ఎక్కువ వస్తుంది. అప్పుడు కాగితంలో అంకె పెరుగుతుంది.

బిడ్డ బాగున్నా అంకె పెరగవచ్చు. కవలలుంటే పెరుగుతుంది. నెలల లెక్క తప్పినా అంతే. ఈ నెలల్లో ఆ పదార్థం వారం వారం పెరుగుతుంది. 16 వారాలనుకున్న గర్భం 18 వారాలదైతే అంకె ఎక్కువగానే కనబడుతుంది.

అందుకే స్కానింగులో డాక్టరమ్మ ముందు బిడ్డ తల, తొడ ఎముక కొలుస్తుంది. నారు ఎత్తు చూసి ఎన్ని రోజులదో చెప్పరూ? ఇదీ అలాంటిదే. కడుపులో ఒక్కరా, ఇద్దరా అని కూడా చూస్తుంది. లెక్క తప్పిందని తేలితే అంకెను మళ్లీ సరిచూస్తారు. కొందరి భయం ఇక్కడే తీరిపోతుంది.

తర్వాత అవయవాలు. 18 నుంచి 20 వారాలకు బాగా కనబడతాయి. వెన్నెముక, గుండె, పొట్ట, కిడ్నీలు ఒక్కొక్కటీ చూస్తారు. వెన్నులో చీలిక ఉంటే చాలావరకు దొరుకుతుంది.

డౌన్ సిండ్రోము సంగతి వేరు. ఈ బిడ్డలు నెమ్మదిగా ఎదుగుతారు, నెమ్మదిగా నేర్చుకుంటారు. కాగితంలో "120కి 1" అని ఉంటే, అలాంటి కాగితం వచ్చిన 120 మందిలో ఒక్కరి బిడ్డకే అది ఉంటుంది. 119 మందికి ఉండదు. స్కానింగులో గుర్తులు కనబడవచ్చు, కనబడకపోవచ్చు. స్కానింగు బాగున్నంత మాత్రాన లేదని గట్టిగా చెప్పలేరు. గట్టిగా తెలియాలంటే 15 వారాలు దాటాక ఉమ్మనీరు సూదితో తీసి చూడాలి. దానివల్ల గర్భం పోయే ప్రమాదం కొద్దిగా ఉంది. చేయించుకోవాలా వద్దా అన్నది ఆ తల్లి ఇష్టం. అత్తగారిది కాదు, మొగుడిది కాదు.

లోపం ఉందని తేలితే? కొన్నిటికి పుట్టాక ఆపరేషను చేస్తారు. అలాంటప్పుడు కాన్పు పెద్దాసుపత్రిలో పెట్టుకోవాలి. లోపం మరీ పెద్దదైతే, మెడికల్ బోర్డు ఒప్పుకుంటే, 24 వారాలు దాటినా గర్భం తీయించుకోవచ్చు. 2021లో చట్టం అలా మారింది. ఆడో మగో చెప్పడం మాత్రం 1994 చట్టం ప్రకారం నేరం.

స్కానింగుకు ముందు రోజు ఆ కోడలు కాలెండరు దించింది. ఆఖరి నెలసరి తేదీ వెతికి, నోటుపుస్తకంలో తన చేత్తోనే రాసుకుంది. దాని కింద డాక్టరమ్మను అడగాల్సింది రాసుకుంది: "అంకె మళ్లీ లెక్క కట్టారా?"