పట్టికలో గడులు ఖాళీగా ఉన్నాయా? అంచనా వేసే ముందు ఈ లెక్క చూడండి

ఆత్మకూరు ప్రాంతానికి సంబంధించిన 2011 జన గణన లెక్కలు నంద్యాల జిల్లా పేరుతో వెతికితే దొరకవు. ఆ జిల్లా ఏర్పడిందే 2022 ఏప్రిల్ 4న. 2011 నాటికి ఆత్మకూరు కర్నూలు జిల్లాలో ఉండేది. (నెల్లూరు జిల్లా ఆత్మకూరు వేరు, పొరబడొద్దు.) తీరా పట్టిక దొరికాక జెరాక్స్‌లో అంకెలు చెరిగిపోయి ఉంటే ఏం చేయాలి?

పాత కర్నూలు జిల్లా పట్టికనే చూద్దాం. ఒకవైపు గ్రామాలు, పట్టణాలు. మరోవైపు పురుషులు, మహిళలు. మొత్తాలతో కలిపి తొమ్మిది గడులు. వాటిలో నాలుగే కనిపిస్తున్నాయి అనుకోండి:

మొత్తం జనాభా: 40,53,463
మొత్తం పురుషులు: 20,39,227
గ్రామీణ జనాభా: 29,04,177
గ్రామీణ పురుషులు: 14,65,823

మిగతా ఐదూ రాబట్టవచ్చు. ఏ వరుసలోనైనా ఒక్క గడే ఖాళీగా ఉంటే తీసివేత చాలు. మొత్తం జనాభాలోంచి పురుషులను తీసేస్తే మహిళలు 20,14,236. గ్రామీణ జనాభాను తీసేస్తే పట్టణ జనాభా 11,49,286. ఇలాగే గ్రామీణ మహిళలు 14,38,354, పట్టణ పురుషులు 5,73,404. చివరిది పట్టణ మహిళలు. దీన్ని రెండు దారుల్లో లెక్కకట్టండి: పట్టణ జనాభాలోంచి పట్టణ పురుషులను తీసేసినా, మొత్తం మహిళల్లోంచి గ్రామీణ మహిళలను తీసేసినా 5,75,882 రావాలి. రాకపోతే మీ తీసివేతలో ఎక్కడో తప్పు దొర్లినట్టే.

ఇప్పుడు చూడండి. జిల్లా మొత్తం మీద పురుషులే 24,991 మంది ఎక్కువ. పట్టణాల్లో మాత్రం మహిళలు 2,478 మంది ఎక్కువ!

గ్రామీణ పురుషుల సంఖ్య కూడా చెరిగిపోయి ఉంటే? చాలామంది శాతాలు పట్టుకుంటారు. జిల్లాలో పట్టణ జనాభా 28.35 శాతం కాబట్టి పురుషుల్లోనూ అంతే అనుకుంటే, పట్టణ పురుషులు సుమారు 5.78 లక్షలు, మహిళలు 5.71 లక్షలు వస్తారు. అంటే పట్టణాల్లోనూ పురుషులే ఎక్కువని తేలుతుంది. ఇది శుద్ధ తప్పు. పక్కన, కింద ఉన్న మొత్తాలు ఎంత కచ్చితంగా ఉన్నా, లోపలి నాలుగు గడుల్లో కనీసం ఒక్కటి తెలియకపోతే మిగతావి తేలవు. అలాంటప్పుడు లెక్క ఆపేసి, జన గణన శాఖ వెబ్‌సైట్‌లో ఉన్న అసలు పట్టికే చూసుకోండి.