మగ్గం మోత ఆగిన వేళ.. నేల చప్పుడు!
సోలాపూర్: తూర్పు పేటల్లో మరమగ్గాల మోత లేకుంటే నిద్ర పట్టదంటారు. 2020 మార్చి 25న దేశమంతా లాక్‌డౌన్ పడింది. చాదర్లు, టవళ్లు నేసే మన పద్మశాలీల ఇళ్లలో మోతా ఆగింది, కూలి డబ్బులూ ఆగాయి.

ఆ నిశ్శబ్దమే భూకంపాలను పరిశీలించేవారికి కలిసొచ్చింది. రైళ్లు, లారీలు, ఫ్యాక్టరీలు నేలను నిత్యం సన్నగా వణికిస్తుంటాయి. చిన్న ప్రకంపనలు ఆ రొదలో కలిసిపోతాయి. లాక్‌డౌన్‌లో ఆ రొద సగం దాకా తగ్గిందని 2020 జులైలో ‘సైన్స్’ పత్రికలో వచ్చింది. ఔత్సాహికులు ఇళ్లల్లో పెట్టుకున్న చిన్న యంత్రాల లెక్కలూ అందులో చేరాయి.

మనకెందుకీ గోల అంటారా? మనకు దగ్గరి కిల్లారి కూడా గట్టి నల్లరాతి నేలే, భూకంపం రాదనుకున్న చోటే. 1993 సెప్టెంబరు 30 తెల్లవారుజామున లాతూరు, ఉస్మానాబాద్ జిల్లాల్లో దాదాపు 10 వేల మంది చనిపోయారు. చిన్న ప్రకంపనలు పట్టుకుంటేనే అడుగున పగుళ్ల జాడ దొరికేది.

ఆంక్షలు సడలాక మగ్గాలు తిరిగాయి. నేల రొదా మొదలైంది.