చార్మినార్ పక్కన చైనా ముత్యం

సికింద్రాబాద్‌లో కాపురమున్నవాళ్లకు ఊళ్లనుంచి చుట్టాలొస్తే రెండు బజార్లు చూపించే పని తప్పదు. ఒకటి ఇంటి దగ్గరి జనరల్ బజార్, రెండోది మూసీ అవతలి లాడ్ బజార్. మొదటిదాని ఊసు వాళ్లెత్తరు, మనమే లాక్కెళ్తాం. జాకెట్టు గుడ్డ, లేసు, చీర ఫాల్సు అక్కడ దొరికినట్టు ఇంకెక్కడా దొరకవని మా లష్కర్ ఆడవాళ్ల గట్టి నమ్మకం. రెండోదాన్ని మాత్రం రైలు దిగకముందే అడుగుతారు.

జనరల్ బజార్‌ని నడిచేవాళ్ల వీధి అని ఏ ఆఫీసూ ప్రకటించలేదు. సందులే అంత ఇరుకు. స్కూటర్ వేసుకుని దూరినవాడు ఎంత హారన్ కొట్టినా జరగడానికి మనకు చోటుండదు, కాబట్టి రెండోసారి దూరడు. ఆషాఢంలో ఉజ్జయినీ మహంకాళి బోనాలప్పుడు ఆ కాస్త చోటూ ఉండదు. చార్మినార్ చుట్టూ అలా కాదు. అక్కడ నడక దారిని ప్లాను గీసి, మీటింగులు పెట్టి, బళ్లకు చుట్టుదారులు చూపించి, నేలకు రాళ్లు పరిచి తయారు చేశారు. 1990ల్లో మొదలైన ఆలోచన పూర్తయి కంటికి కనబడేసరికి దాదాపు రెండు దశాబ్దాలు పట్టింది. ఇప్పుడు 1591 నాటి కట్టడం కింద నిలబడి, ఆటో గుద్దుతుందన్న భయం లేకుండా తలెత్తి మినార్లు చూడొచ్చు. ఒక్కటే ఇబ్బంది. మే నెల మధ్యాహ్నం ఆ రాళ్లు చెప్పుల్లోంచి కూడా కాలుతాయి. వెళితే పొద్దున్నే, లేదంటే పొద్దు వాలాక.

ఇలా బజారునుంచి బళ్లను బయటికి పంపడం కొత్త సంగతి కాదు. రాటర్‌డామ్‌లో లైన్‌బాన్ వీధిని 1953లోనే నడిచేవాళ్ల కోసమని కట్టారు. కోపెన్‌హాగన్‌లో స్ట్రోయెట్ వీధికి 1962లో బళ్లు ఆపారు. మన ఢిల్లీ చాందినీ చౌక్ 2021లో ఆ దారి పట్టింది. కానీ ఇప్పుడు పేరంతా చైనా వీధులదే. మా మేనల్లుడు అక్కడే ఎంబీబీఎస్ చదివి వచ్చాడు. సెలవుల్లో షాంఘైలో నాన్‌జింగ్ రోడ్డు మీద తిరుగుతూ వీడియో కాల్ చేసేవాడు. 1999లో బళ్లు ఆపేసిన వీధి అది. చూస్తే మన పరేడ్ గ్రౌండ్‌ని పొడుగ్గా సాగదీసినట్టుంటుంది. నడవలేనివాళ్లను ఆ చివరినుంచి ఈ చివరికి దింపడానికి చిన్న రైలుబండి లాంటిది తిరుగుతుంది. పుల్లకు గుచ్చి పాకంలో ముంచిన ఎర్రటి పళ్లు అమ్ముతారు. వాటి పేరు తాంగ్‌హులూ. బీజింగ్‌లో వాంగ్‌ఫుజింగ్ వీధి పక్కసందులో ఒకప్పుడు తేళ్లను కూడా పుల్లకు గుచ్చి వేయించి అమ్మేవారు.

"ఎవరు తింటార్రా వాటిని?" అన్నాను.

"టూరిస్టులేనత్తా. ఫొటో కోసం."

ఆ మాట నా దగ్గర ఉండిపోయింది. ఇప్పుడు ఏ ఊరి బజారుకు వెళ్లినా ముందు చూసేది అదే: ఇక్కడ అమ్మేదాన్ని ఈ ఊరివాళ్లు కొంటున్నారా, లేక వచ్చిపోయేవాళ్లకే అంటగడుతున్నారా? ఊరివాళ్లకు పని లేని బజారు, రాళ్లు ఎంత బాగా పరిచినా, సినిమా సెట్టే.

లాడ్ బజార్ ఈ పరీక్షలో ధీమాగా నెగ్గుతుంది. చార్మినార్‌కు పడమట ఉన్న ఆ వీధిలో ఫోన్లు పైకెత్తి తిరిగేవాళ్లు ఎందరున్నా, కొట్లలో పరుపుల మీద కూర్చుని గంటల తరబడి గాజులు తిరగేసేది పెళ్లికూతుళ్లూ వాళ్ల తల్లులూ. చీర కొంగో దుపట్టానో తెచ్చి రంగు పక్కన రంగు పెట్టి చూస్తారు. కొట్టువాళ్లు మన బొట్టు చూసి "రండక్కా" అంటారు, బురఖా చూస్తే "ఆయియే బాజీ" అంటారు. ధర మాత్రం ఇద్దరికీ ఒకలాగే ఎక్కువ చెప్తారు.

అక్కడ కొనాల్సింది లక్క గాజులు. గాజు గాజులు చాలావరకు ఉత్తరప్రదేశ్‌లోని ఫిరోజాబాద్‌నుంచి వస్తాయి, బాగానే ఉంటాయి, కానీ వాటికోసం ఇంతదూరం రానక్కర్లేదు. లక్క మాత్రం ఇక్కడి చేతిపనే. చెట్ల కొమ్మలమీద పురుగులు పెట్టే లక్కను కరిగించి, రంగు కలిపి, బొగ్గుల కుంపటి దగ్గర మెత్తబడేదాకా వేడిచేస్తారు. దాన్ని కడ్డీలా సాగదీసి, అదిమి, గుండ్రంగా వంచి రెండు కొసలూ వేడితోనే అతికిస్తారు. కొలత సరిచూడటానికి ఒక కొయ్యకు తొడుగుతారు. తర్వాత లక్క చల్లారేలోపు అద్దం ముక్కలూ రాళ్లూ ఒక్కొక్కటే పొదగాలి. ఆలస్యమైతే రాయి దిగదు, మరీ తొందరపడితే గాజు ఒంకర పోతుంది. ఈ పనంతా బజారులో కనబడదు, పాతబస్తీ సందుల్లో ఇళ్లలోనే జరుగుతుంది. 2024లో హైదరాబాద్ లక్క గాజులకు భౌగోళిక గుర్తింపు వచ్చింది. మన హలీంకు 2010లోనే వచ్చిందిగా, దాని తర్వాత గాజులదాకా రావడానికి ఇంతకాలం పట్టిందేమిటని నాకనిపిస్తుంది. బహుశా తిండికి దొరికినంత మంది వకీళ్లు గాజుకు దొరకరేమో.

కొనేటప్పుడు కొలత తెలిసుండాలి. రెండూ నాలుగు, రెండూ ఆరు, రెండూ ఎనిమిది అంటారు. కాలిక్యులేటర్ పిల్లలు దాన్ని రెండు పాయింటు ఆరు అనుకుంటారు, కాదు. రెండంగుళాల మీద అంగుళంలో పదహారో వంతులు ఆరు అని లెక్క. రూపాయికి పదహారణాలున్న కాలపు లెక్క గాజుల కొట్లో ఇంకా నడుస్తోంది. కొలత తెలియకపోతే పాత గాజొకటి సంచిలో వేసుకెళ్తే సరి. ఇంకోమాట. లక్కలా మెరిసే ప్లాస్టిక్ పూత గాజులూ అదే కొట్లో, అదే అరలో ఉంటాయి. లక్క గాజు చేతికి కాస్త బరువుగా తగులుతుంది, ఎండలో కారు అద్దం ముందు వదిలేస్తే మెత్తబడుతుంది. అడిగితే చాలామంది నిజమే చెప్తారు.

తిండి సంగతి త్వరగా ముగిస్తాను, ఎందుకంటే దానిమీద ఇప్పటికే అందరూ రాశారు. చార్మినార్ ఎదురుగా నిమ్రాలో ఇరానీ చాయ్, ఉస్మానియా బిస్కెట్. చాయ్ డికాక్షన్‌ని మూత బిగించి చాలాసేపు దమ్ము పెడతారు, పాలు విడిగా మరుగుతాయి, కప్పులోనే రెండూ కలుస్తాయి. అందుకే ఇంట్లో పాలూ నీళ్లూ కలిపి కాచిన టీకి ఆ చిక్కదనం రాదు. బిస్కెట్ కొంచెం తీపి, కొంచెం ఉప్పు. దాని పేరు ఏడో నిజాం మీర్ ఉస్మాన్ అలీఖాన్‌ది. అక్కడ నిలబడి తాగేవాళ్లలో టూరిస్టులెంతమందో, సామాను దింపి వచ్చిన హమాలీలూ అంతమంది. కాబట్టి పరీక్ష పాస్. అయితే మా సికింద్రాబాద్ స్టేషన్ ఎదుట ఆల్ఫా హోటల్ చాయ్ దీనికేమీ తీసిపోదని ఒక్క మాట అనకపోతే మా ఇంట్లోవాళ్లు ఊరుకోరు.

అసలు చిక్కు ముత్యాల దగ్గర వస్తుంది. మేనల్లుడు చైనానుంచి వస్తూ వాళ్లమ్మకు ముత్యాల దండ తెచ్చాడు. మా వదిన అది వేసుకుని రాజమహేంద్రవరంనుంచి దిగి, దానికి జోడుగా 'అసలైన హైదరాబాద్ ముత్యాల' దుద్దులు కావాలంది. పత్తర్‌గట్టీ రాతి కమానుల కింద, చార్‌కమాన్ చుట్టుపక్కల ముత్యాల కొట్లు వరసగా ఉంటాయి. ఒక కొట్టాయన వదిన మెడలోని దండను వేళ్లమధ్య తిప్పి చూసి నవ్వాడు.

"ఇదీ, ఇదీ ఒక్క చోటిదేనమ్మా. అక్కడ చెరువులో పుట్టింది, ఇక్కడ రంధ్రం పడింది."

ఆయన చెప్పింది అబద్ధం కాదు. నిజాముల కాలంలో ఇక్కడికి వచ్చిన గొప్ప ముత్యాలు బస్రావి, అంటే పర్షియా సింధుశాఖలో మునిగి తెచ్చినవి. ప్రభుత్వం 1995లో 218 కోట్లకు కొన్న నిజాం నగల్లో ఏడు పేటల సత్‌లడా అలాంటి ముత్యాలదే. జపాన్‌వాళ్లు ముత్యాన్ని పెంచడం నేర్చాక 1930ల నాటికి ఆ గల్ఫ్ వ్యాపారం కూలిపోయింది. తర్వాత చైనా మంచినీటి చెరువుల్లో ఆల్చిప్పల సాగు పెట్టింది. జెజియాంగ్ రాష్ట్రంలోని జూజీ ఊరు దానికి పెట్టింది పేరు. ఒక్కో ఆల్చిప్పలో ఒకేసారి పదుల సంఖ్యలో ముత్యాలు పండిస్తారు, అందుకే అవి మనబోటివాళ్లకు అందే ధరకొచ్చాయి. హైదరాబాద్‌లో ఇప్పుడు అమ్మే ముత్యాల్లో ఎక్కువభాగం అక్కడివే.

మరి మనదేమిటి? వేరుచేసి, రంధ్రం చేసి, పెరాక్సైడ్‌లో నానబెట్టి ఎండకు పెట్టి తెల్లబరచి, సైజులవారీగా ఏరి, దారానికి కుచ్చే పని మనది. వంకర ముత్యానికి ఏ పక్కనుంచి సూది దింపితే మచ్చ దాగుతుందో చూసే కన్ను కూడా ఇక్కడిదే. నా మటుకు నాకు ఇందులో మోసం కనబడదు. పత్తి ఎక్కడ పండిందని అడిగి గద్వాల చీర కొంటున్నామా? కానీ బోర్డుమీద ముత్యం ఎక్కడ పుట్టిందో కూడా రాస్తే బాగుండును. పుల్లకు గుచ్చిన తేలుకు ఆ బాధ లేదు, అదేమిటో చూడగానే తెలుస్తుంది.

వదిన దుద్దులు కొంది. కొనేముందు ముత్యాన్ని పంటికి మెల్లగా రాసి చూడమన్నాను. నిజమైనదైతే సన్నటి ఇసుకలా గరుగ్గా తగులుతుంది, ప్లాస్టిక్‌దైతే జారిపోతుంది. దండైతే ముత్యానికీ ముత్యానికీ మధ్య ముడి ఉందో లేదో చూడాలి. దారం తెగితే ఒక్కటే పోతుంది, అన్నీ దొర్లిపోవు.

వెళ్లాలనుకునేవాళ్లకు దారి కష్టం కాదు. సికింద్రాబాద్‌నుంచి 8ఏ బస్సు ఉండనే ఉంది. మెట్రో అయితే సికింద్రాబాద్ వెస్ట్‌లో ఎక్కి ఎంజీబీఎస్‌లో దిగి, అక్కడినుంచి ఆటో. పండగ కళ చూడాలంటే రంజాన్ చివరి రాత్రుల్లో వెళ్లండి, తెల్లవారుజాము దాకా దీపాలు ఆరవు, లాడ్ బజార్‌లో కాలు పెట్టడానికి చోటుండదు. ఆ రాత్రుల్లో బేరం జోలికి మాత్రం పోకండి. ఆ గోలలో మీరు చెప్పిన ధర కొట్టువాడికి వినబడదు, వినబడినా వినబడనట్టే ఉంటాడు.