గంట నడిచాం కదా అని...

అపోహ: గంట నడిచొస్తే ప్లేటు పూరీ చెల్లుకు చెల్లు.

70 కిలోల మనిషి గంటకు 5 కిలోమీటర్ల వేగంతో గంటసేపు నడిస్తే సుమారు 245 క్యాలరీలు ఖర్చవుతాయి. అయితే ఆ గంటా ఇంట్లో ఊరికే కూర్చున్నా ఒళ్ళు 70 దాకా వాడుకునేదే. అంటే నడక వల్ల అదనంగా కరిగింది 175 మాత్రమే. ఒక్క టేబుల్ స్పూను నూనెలోనే 120 క్యాలరీలుంటాయి. పూరీలు ఎంత నూనె పీల్చుకుంటాయో వేయించేవాళ్ళకు తెలుసు. తినడానికి పది నిమిషాలు పట్టేది కరగడానికి పూట పడుతుంది. అందుకే బరువు తగ్గాలంటే ముందు కోత పడాల్సింది కంచంలోనే.

అపోహ: వాచీ 400 ఖర్చయ్యాయని చెప్పింది, కాబట్టి 400 తినొచ్చు.

2017లో స్టాన్‌ఫర్డ్ పరిశోధకులు ఏడు రకాల చేతి పరికరాలను పరీక్షించారు. గుండె వేగాన్ని చాలావరకు బాగానే చెప్పాయి. క్యాలరీల దగ్గరకొచ్చేసరికి అన్నిటికన్నా మెరుగైనదే 27 శాతం తప్పింది, అధ్వాన్నమైనది 93 శాతం. పైగా తిండి లెక్క రాసుకునే యాప్‌లో మొదట్లోనే ‘రోజూ వ్యాయామం చేస్తాను’ అని నొక్కి ఉంటే, రోజువారీ కోటాలో ఆ ఖర్చును అది అప్పుడే కలిపేసి ఉంటుంది. నడక మళ్ళీ విడిగా రాస్తే ఒకే ఖర్చును రెండుసార్లు తిన్నట్టు. వ్యాయామం చేసిన రోజు నిజంగా ఆకలేస్తే కాస్త ఎక్కువ తినండి, తప్పు లేదు. వాచీ చూపిన అంకె మొత్తం తినకండి.

అపోహ: అన్నం మానేసి జొన్నరొట్టె, రాగిసంకటి తింటే లెక్క అక్కర్లేదు.

హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ 2017లో ప్రచురించిన పట్టికల ప్రకారం 100 గ్రాముల బియ్యంలో దాదాపు 356 క్యాలరీలు, జొన్నల్లో 334, రాగుల్లో 321. తేడా అంతే. పీచు ఎక్కువ కాబట్టి కడుపు నిండినట్టుంటుంది, ఆ మేలు నిజమే. నాలుగు రొట్టెలు లాగిస్తే ఆ మేలూ ఉండదు. అన్నట్టు, ఈ అంకెలు పచ్చి గింజలవి. 100 గ్రాముల బియ్యం ఉడికితే మూడింతల దాకా బరువు తూగుతుంది. అన్నాన్ని తూచి బియ్యం కింద రాసుకుంటే లెక్క మూడింతలు తప్పుతుంది.

అపోహ: చెమట ఎంత పడితే అంత కొవ్వు.

పోయేది నీళ్ళు. రెండు గ్లాసులు తాగితే తిరిగొస్తాయి.

అపోహ: సగం తిని రెట్టింపు వ్యాయామం చేస్తే త్వరగా పనైపోతుంది.

మొదట్లో తూకం గబగబా దిగుతుంది. అందులో నీరూ ఉంటుంది, కండా ఉంటుంది. అమెరికాలో ‘ది బిగ్గెస్ట్ లూజర్’ టీవీ పోటీలో విపరీతంగా బరువు తగ్గినవాళ్ళలో 14 మందిని ఆరేళ్ళ తర్వాత పరీక్షించి, 2016లో ఫలితాలు ప్రకటించారు. చాలామంది మళ్ళీ లావయ్యారు. విశ్రాంతిలో వాళ్ళ ఒళ్ళు ఖర్చుచేసేది మాత్రం, ఉండాల్సినదానికన్నా రోజుకు సగటున 500 క్యాలరీలు తక్కువ! రోజుకు 300 నుంచి 500 దాకా తగ్గించుకుని, పప్పు, గుడ్డు, పెరుగు లాంటివి కంచంలో ఉంచుకుని, వారానికి రెండుసార్లు బరువులెత్తడం నా దృష్టిలో మేలైన దారి. కండ నిలిచేది అలాగే. తగ్గిన బరువు మళ్ళీ రాకుండా చూసుకోవడంలో వ్యాయామం అసలు సత్తా తెలుస్తుంది.

షుగరుకు ఇన్సులిన్ గానీ, చక్కెరను బాగా దించే మాత్రలు గానీ వాడేవాళ్ళు తిండి తగ్గించి నడక పెంచేముందు మోతాదు గురించి డాక్టరుతో మాట్లాడాలి. నడకకు వెళ్ళేటప్పుడు జేబులో కాస్త గ్లూకోజు ఉంచుకోవాలి.