షేక్ బందగీ దావా

సూర్యాపేట నుండి జనగామ వెళ్ళే దారిలో, కామారెడ్డిగూడెం వద్ద రోడ్డు ప్రక్కనే ఒక సమాధి ఉంది. అది షేక్ బందగీది. ఆయన ఆలిమ్ కాదు, నాయకుడు కాదు. కొద్దిపాటి పొలం దున్నుకొని బ్రతికిన రైతు. ఆయన చేసిన పని కూడా చూడటానికి చిన్నదే. తన భూమిని వదులుకోక కచేరీకెక్కాడు.

ఆ పని విలువ తెలియాలంటే ఆనాటి పరిస్థితి తెలియాలి. ఆ ప్రాంతమంతా విసునూరు దేశ్‌ముఖ్ రామచంద్రారెడ్డి గుప్పిట్లో ఉండేది. ఆయన క్రింద 40,000 ఎకరాలు ఉండేవని పుచ్చలపల్లి సుందరయ్య వ్రాశారు. భూమి లెక్కలు వ్రాసే పట్వారీ దొర మనిషే. కూలి లేని వెట్టి చాకిరీ నిత్యకృత్యం. అలాంటి చోట సొంత సోదరుడు అబ్బాస్ అలీయే దేశ్‌ముఖ్ అండతో బందగీ భూమిపై తగాదాకు దిగాడు. బందగీ బెదరలేదు. ఏళ్ళ తరబడి కోర్టుల చుట్టూ తిరిగి గెలిచాడు. 1940ల ఆరంభంలో దొర మనుషులు ఆయనను దారి కాచి నరికి చంపారు.

దొరను కాగితం మీద ఓడించవచ్చునన్న సంగతి మాత్రం ఊళ్ళలో మిగిలిపోయింది. తర్వాత అదే దేశ్‌ముఖ్‌కు ఎదురుగా పాలకుర్తిలో చాకలి ఐలమ్మ తన పంటకోసం నిలబడింది. 1946 జులై 4న కడవెండిలో అతని మనుషుల కాల్పులలో దొడ్డి కొమరయ్య నేలకొరిగాడు. ఆ పిమ్మట పోరాటం సూర్యాపేట, మిర్యాలగూడ తాలూకాలకు, కోదాడ ఉన్న హుజూర్‌నగర్ తాలూకాకు ప్రాకింది. అది 1951 అక్టోబరులో విరమించేదాకా సాగింది. ఈలోగా 1949లో జాగీర్లు రద్దయ్యాయి, 1950లో కౌలుదారీ చట్టం వచ్చింది.

ఇదంతా ఒక్క బందగీ వల్లనే జరిగిందనడం అతిశయోక్తి. వెట్టి, లెవీ ధాన్యం, బేదఖళ్ళు జనాన్ని అప్పటికే విసిగించాయి. ఆంధ్ర మహాసభ ఊరూరా సంఘాలు పెట్టింది. అయితే ఆ పోరాటాన్ని హిందూ రైతులకు, ముస్లిం ప్రభుత్వానికి మధ్య తగవుగా చెప్పేవారు నేటికీ ఉన్నారు. వారి లెక్కలో బందగీని ఏ ప్రక్క నిలబెట్టాలి? దొర హిందువు, బాధితుడు ముస్లిం, దొర ప్రక్కన చేరినవాడు ఆ బాధితుని తోబుట్టువే.

సుంకర సత్యనారాయణ, వాసిరెడ్డి భాస్కరరావు ఆయన కథనే ఆధారం చేసుకొని ‘మా భూమి’ నాటకం వ్రాశారు. ప్రజానాట్యమండలి దానిని కోస్తా జిల్లాల్లో ఊరూరా ఆడింది. మద్రాసు ప్రభుత్వం నిషేధించింది. అదే పేరుతో 1979లో గౌతం ఘోష్ తీసిన చిత్రం వేరు. దానికి మూలం కృష్ణచందర్ ఉర్దూ నవల ‘జబ్ ఖేత్ జాగే’.