మీకు తెలుసా? హోసూరుకూ ఒక సముద్రం ఉంది

హోసూరు బస్టాండులో ఎవరినైనా ఆపి సముద్రం ఎటు అని అడగండి, చెన్నై బస్సు వైపు చెయ్యి చూపిస్తారు. నీళ్లకు మాత్రం వేరే దారి తెలుసు. నంది కొండల దగ్గర పుట్టిన దక్షిణ పినాకిని (తమిళులకు తెన్‌పెణ్ణై) కెలవరపల్లి, కృష్ణగిరి, సాత్తనూరు డ్యాములు దాటుకుంటూ 400 కిలోమీటర్ల పైచిలుకు నడిచి కడలూరు దగ్గర బంగాళాఖాతంలో కలుస్తుంది. బెంగళూరు మురుగు మోసుకొచ్చి కెలవరపల్లి దగ్గర దూదికొండల్లా నురుగు కక్కేదీ ఈ ఏరే.

ఆ కడలూరుకు ఇంకా దక్షిణాన, తీరానికి అవతల, సముద్రం అడుగున చమురు ఉందని తెలుసా? పుదుచ్చేరికి దక్షిణంగా 80 కిలోమీటర్ల దూరాన పివై-3 అనే క్షేత్రం 1988లో బయటపడింది. 1997 నుంచి 2011 దాకా అక్కడ చమురు తోడారు. బావుల మూతులు సముద్రం అడుగునే ఉంచి, పైన తేలే కేంద్రంలోకి చమురు లాగడం మన దేశంలో అక్కడే మొదలు. నీటి లోతు ఒక పక్క 40 మీటర్లయితే, ఇంకో పక్క 450.

ఇప్పుడు అసలు తమాషా. తీరం నుంచి 12 నాటికల్ మైళ్లు, అంటే సుమారు 22 కిలోమీటర్ల లోపల చేపల వేట రాష్ట్రం చేతిలో ఉంటుంది. అదే నీటి కింద ఉన్న చమురు మాత్రం రాజ్యాంగం 297వ అధికరణం ప్రకారం కేంద్రానిది. వల వేసే నీళ్లు ఒక సర్కారువి, వల కింది నేల ఇంకో సర్కారుది. మా నీళ్లలో తవ్వొద్దని జాలర్లు కలెక్టరాఫీసు ముందు కూర్చుంటే, అర్జీ తీసుకునే కలెక్టరు దాన్ని పైకి పంపగలరే తప్ప తవ్వకం ఆపలేరు.

2020లో తమిళనాడు అసెంబ్లీ కావేరి డెల్టాను రక్షిత వ్యవసాయ మండలంగా ప్రకటిస్తూ చట్టం చేసింది. కొత్తగా చమురు, గ్యాసు బావులు తవ్వకూడదంది. కడలూరు జిల్లాలో కొంత భాగం కూడా అందులో ఉంది. మంచి చట్టమే. కానీ వరిమళ్ల దాకా వచ్చి, ఇసుక తగలగానే ఆగిపోయింది. సముద్రం అందులో లేదు.

సముద్రంలో చమురు వేదిక ఒకటి నిలబెడితే, అంతర్జాతీయ చట్టం ప్రకారం దాని చుట్టూ 500 మీటర్ల దాకా భద్రతా వలయం గీయవచ్చు. పడవలు లోపలికి రాకూడదు. 500 మీటర్లేగా అనిపిస్తుంది. కాగితం మీద వేసి చూశాను: ఒక్క వలయం 194 ఎకరాలు. కృష్ణగిరి మామిడి రైతును పిలిచి, నీ 194 ఎకరాల్లో ఒక గుంజ పాతాం, ఇక నువ్వు అడుగు పెట్టొద్దు అంటే ఏమంటాడో ఊహించుకోండి.

బావి అదుపు తప్పితే? తెలుగువాళ్లకు పాశర్లపూడి గుర్తుండే ఉంటుంది. 1995 జనవరి 8న అంటుకున్న మంట ఆరడానికి 65 రోజులు పట్టింది. అది నేల మీది బావి, రోడ్డు మీదుగా యంత్రాలు తెచ్చుకోగలిగారు. 2010లో మెక్సికో సింధుశాఖలో 1,500 మీటర్ల లోతున పగిలిన బావిని మూయడానికి అమెరికా అంతటి దేశానికి 87 రోజులు పట్టింది. మన దగ్గర 2017 జనవరి 28న ఎన్నూరు రేవు బయట రెండు ఓడలు గుద్దుకుని చమురు ఒలికింది. ఒడ్డున ఏం జరిగిందో ఫోటోలు ఉన్నాయి: మనుషులు వరసగా నిలబడి, తారులాంటి ముద్దను ప్లాస్టిక్ బకెట్లతో చేతులు మార్చుకుంటూ ఎత్తారు. బావి కూడా కాదది, ఓడ ట్యాంకు.

ఇంకో లెక్క చెబితే ఆశ్చర్యపోతారు. అమెరికా జాతీయ పరిశోధన మండలి 2003లో వేసిన అంచనా ప్రకారం ప్రపంచంలోని సముద్రాల్లో ఏటా కలిసే చమురు సుమారు 13 లక్షల టన్నులు. అందులో 6 లక్షల టన్నులు అడుగు పగుళ్లలోంచి దానంతటదే ఊరేది. తవ్వకాల వాటా 38 వేల టన్నులే. చమురు కంపెనీలవాళ్లు ఈ అంకెను ఇష్టంగా చూపిస్తారు. అయితే ఊట చమురు ఎక్కడెక్కడో, ఏళ్ల తరబడి, చుక్కచుక్కగా వస్తుంది. దాన్ని తినే సూక్ష్మజీవులకు వ్యవధి దొరుకుతుంది. పగిలిన బావి అంతా ఒకే చోట, కొద్ది నెలల్లోనే కుమ్మరిస్తుంది. రోజుకో ముద్ద తినేవాడి నోట్లో బస్తా బియ్యం కుక్కినట్టు.

అదే లెక్కలో, చమురు వాడేవాళ్ల నుంచి కలిసేది 4 లక్షల 80 వేల టన్నులు. బండ్లు, పడవలు, మురుగుకాలవలు. మనం ఉన్నది ఈ పద్దులోనే.

నీళ్ల మీద ఇంద్రధనుస్సులా మెరిసే చమురు పొర మందం మిల్లీమీటరులో సుమారు వెయ్యో వంతు ఉంటుంది. ఆ లెక్కన ఒక లీటరు ఆయిల్ దాదాపు 25 సెంట్ల నీటిని కప్పేస్తుంది. నేను బండి సర్వీసుకిచ్చే షెడ్డులో పాత ఇంజన్ ఆయిల్ డ్రమ్ములోకే పోస్తారు, అది కొనేవాళ్లున్నారు. అయినా డ్రమ్ము అంచున కారింది, గుడ్డతో తుడిచి పారేసింది, నేలలో ఇంకింది ఎప్పుడూ ఉంటాయి. మొన్న సాయంత్రం వాన పడుతుంటే షెడ్డు గడపలో నిలబడి చూశాను. నెమలి ఈక రంగుల్లో ఒక పొర మెల్లగా సాగి, రోడ్డు దాటి, కాలవలోకి జారింది. కాలవ చెరువుకు పోతుంది. చెరువు అలుగు పారితే ఏటికి.