పులి పుట్టింటికి పోయివద్దాం
(తాడోబా జాతీయ పార్కు యాత్రకు ఒక ప్లాను)



ఈ సంవత్సరం విహారయాత్ర ఎక్కడికి పోదామని వార్డెన్ సారు అడిగిన రోజు రాత్రి మన హాస్టల్లో పెద్ద లొల్లి అయిన సంగతి మీకందరికీ తెలుసు. కొందరు హైదరాబాదు జూపార్కు అన్నరు. కొందరు సముద్రం చూడాలె అన్నరు. నేను తాడోబా అడవికి సఫారీ పోదాం అన్న. అప్పుడు వెనుక వరుస నుంచి ఒక దోస్తు లేచి, "పులి మా చేనుకాడికి ఉత్తగనే వస్తది. దాన్ని చూడనీకి పైసలు కట్టి వేరే రాష్ట్రం పోవాల్నా?" అని అడిగిండు. అందరూ నవ్విండ్రు. నేను కూడా నవ్విన గానీ జవాబు మాత్రం చెప్పలేకపోయిన.

ఆ ప్రశ్న వట్టి నవ్వులాట కాదు. 2020 నవంబరులో మన కుమురం భీం ఆసిఫాబాద్ జిల్లాలో పులి దాడిలో ఇద్దరు చనిపోయిండ్రు. అందులో ఒకరు పత్తి చేనులో పత్తి ఏరుతున్న అమ్మాయి. 2024 నవంబరులో కాగజ్‌నగర్ మండలంలో పత్తి చేనులోనే మరొక మహిళ చనిపోయింది. కాబట్టి పులి అంటే పట్నం పిల్లలకు తమాషా కావచ్చు, మనకు కాదు. అయినా పోవాలెననే నేను అంటున్న. ఎందుకో చివర చెప్త. ముందు ఎట్ల పోవాలెనో చూద్దాం.

1. సఫారీ అంటే ఏమిటి?

సఫారీ అనేది ఆఫ్రికాలోని స్వాహిలీ భాష మాట. ప్రయాణం అని అర్థం. అరబ్బీలోని 'సఫర్' నుంచి వచ్చింది. మన దిక్కు ఉర్దూ మాట్లాడేవాళ్లు కూడా ప్రయాణాన్ని సఫర్ అనే అంటరు. ఒకప్పుడు దొరలు వేటకు పోవడాన్ని సఫారీ అనేవాళ్లు. ఇప్పుడు బండి దిగకుండా, జంతువును ముట్టకుండా, చూసి రావడమే సఫారీ.

2. తాడోబానే ఎందుకు?

తాడోబా మహారాష్ట్రలోని చంద్రపూర్ జిల్లాలో ఉంది. 1955లో 116.55 చదరపు కిలోమీటర్ల అడవిని జాతీయ పార్కు చేసిండ్రు. 1986లో దాని పక్కనున్న 508.85 చదరపు కిలోమీటర్లను అంధారి అభయారణ్యం చేసిండ్రు. రెండూ కలిపితే 625.40 చదరపు కిలోమీటర్లు. 1995లో ఈ రెండిటినీ కలిపి పులుల సంరక్షణ కేంద్రంగా ప్రకటించిండ్రు. ఈ లోపలి భాగాన్ని 'కోర్' అంటరు. దాని చుట్టూ ఊర్లు, చేన్లు, అడవి కలిసి ఉండే భాగం 'బఫర్'.

ఆ అడవి మనకు కొత్తగా ఏమీ అనిపించదు. టేకు, వెదురు, తునికి, ఇప్ప, మోదుగ అన్నీ ఉంటయి. పేరు కూడా మనవాళ్లదే. తారు అనే గోండు ఊరి పెద్ద పులితో కొట్లాడి చనిపోయిండని, అప్పటినుంచి ఆయనను దేవుడిగా కొలుస్తున్నరని అక్కడివాళ్లు చెప్తరు. ఆ తారు పేరు మీదనే తాడోబా అయింది. చెరువు గట్టున పెద్ద చెట్టు కింద ఆయన గుడి ఉంది. పుష్య మాసంలో అక్కడ జాతర జరుగుతది. మన కేస్లాపూర్ నాగోబా జాతర కూడా పుష్య మాసంలోనే కదా!

ఇంకొక ముఖ్యమైన కారణం. మన కాగజ్‌నగర్ అడవికి వచ్చే పులులు ఎక్కువగా ఆ దిక్కు నుంచే వస్తున్నయి. పులి పిల్ల దాదాపు రెండేండ్ల వరకు తల్లి దగ్గర ఉంటది. తరువాత తన సొంత జాగా వెతుక్కుంట బయలుదేరుతది. తాడోబాలో జాగాలు పెద్ద పులుల చేతిలో ఉంటయి. అందుకని వయసుకొచ్చిన పులి అడవులు, చేన్లు, నదులు దాటుకుంట మన దిక్కు వస్తది. పులికి ఈత బాగా వచ్చు, నది దానికి అడ్డం కాదు. అంటే మన చేనుకాడ కనబడే పులికి తాడోబా పుట్టిల్లు అన్నట్టు.

3. ఎప్పుడు పోవాలె?

ఇది అన్నిటికంటె ముందు తేల్చుకోవలసిన విషయం.

జూలై నుంచి సెప్టెంబరు వరకు వానకాలంలో కోర్ భాగం మూసి ఉంటది. అక్టోబరులో తెరుస్తరు. వారంలో మంగళవారం సెలవు. ఇది మరిచి మంగళవారం పోతే గేటు చూసి తిరిగి రావాలె.

ఏప్రిల్, మే నెలల్లో పులి కనబడే అవకాశం ఎక్కువ. ఆకు రాలి అడవి పలచబడుతది, నీళ్లు తక్కువై జంతువులు చెరువుల దగ్గరికి వస్తయి. కానీ చంద్రపూర్ ఎండ మన రామగుండం ఎండకు అన్న లాంటిది. 45 డిగ్రీలు దాటుతది. చిన్న తరగతుల పిల్లలు తట్టుకోలేరు. శని, ఆదివారాలు, పండుగ రోజుల్లో జనం ఎక్కువ, టికెట్లు దొరకవు.

అందుకని నా సలహా: సంక్రాంతి సెలవుల్లో, పండుగ అయిపోయిన తరువాత బుధ, గురువారాలు. చలి ఉంటది గానీ దానికి దుప్పటి ఉంది. ఎండకు దుప్పటి లేదు.

4. ఎంతమంది? ఎన్ని బండ్లు?

ఇక్కడ లెక్కల సారు కావాలె. ఒక జిప్సీలో ఆరుగురు కూర్చుంటరు. డ్రైవరు, గైడు వేరే. 30 మంది విద్యార్థులు అనుకుంటే 30ని 6తో భాగిస్తే 5 బండ్లు అని మనం టక్కున చెప్తం. అది తప్పు. ప్రతి బండిలో ఒక పెద్దమనిషి ఉండాలె. అంటే బండికి ఐదుగురు విద్యార్థులే. 30ని 5తో భాగిస్తే 6 బండ్లు. ఆరుగురు సార్లు, మేడంలు రావాలె. ఈ లెక్క ముందే వెయ్యకపోతే గేటు దగ్గర ఐదుగురు పిల్లలు ఏడ్సుకుంట నిలబడాలె.

ఒక్కొక్క గేటు నుంచి పూటకు ఇన్ని బండ్లే అని లెక్క ఉంటది. అందుకని నెలల ముందే అటవీశాఖ వాళ్ల ఆన్‌లైన్ బుకింగులో పేర్లు నమోదు చెయ్యాలె. ఒకే పూట ఆరు బండ్లు దొరకకపోతే పొద్దున మూడు, మధ్యాహ్నం మూడు అని పంచుకోవచ్చు.

బుకింగులో ఇచ్చిన పేరు, గుర్తింపు కార్డు మీది పేరు ఒకటే ఉండాలె. మనలో చాలామందికి బడి రిజిస్టర్లో ఒక పేరు, ఆధార్‌లో ఇంకొక పేరు ఉంది. ఇంటిపేరు ఒక దగ్గర ముందు, ఒక దగ్గర వెనుక. కాబట్టి ముందు ఆధార్ కార్డులు తెచ్చుకొని, అందులో ఉన్నట్టే జాబితా రాయాలె. ఈ పని నేను, నా దోస్తులం చేస్తం.

5. ఖర్చు ఎట్ల?

ధరలు మారుతుంటయి కాబట్టి అంకెలు రాస్తలేను. కానీ ఏ పద్దులు ఉంటయో రాస్త. (అ) రైలు టికెట్లు. (ఆ) చంద్రపూర్ నుంచి గేటు దాకా బస్సు. (ఇ) ప్రవేశ రుసుము, జిప్సీ కిరాయి, గైడు రుసుము. (ఈ) ఒక రాత్రి బస. (ఉ) తిండి. (ఊ) మందుల పెట్టె, అత్యవసర ఖర్చు.

అన్నిటికంటె పెద్ద పద్దు జిప్సీలదే. పైసలు సరిపోకపోతే రెండు మార్గాలు ఉన్నయి. ఒకటి, బఫర్ గేట్లు. అగర్జరి, దేవాడ, జునోనా వంటి గేట్ల నుంచి బఫర్ అడవిలోకి పంపుతరు. రెండోది, ఒక్క సఫారీ మాత్రమే పెట్టుకొని మిగతా సమయం చంద్రపూర్ చూడటం. పెద్దసారు లెటర్‌హెడ్ మీద ముందుగా ఒక ఉత్తరం రాసి, ఆశ్రమ పాఠశాల విద్యార్థులకు రాయితీ ఏమైనా ఇస్తరా అని అడగాలె. అడిగితే పోయేది లేదు.

6. ఎట్ల పోవాలె?

సిర్పూర్ కాగజ్‌నగర్ స్టేషన్లో రైలెక్కితే సిర్పూర్ టౌన్, మాణిక్‌గఢ్ మీదుగా పోయి, వార్ధా నది వంతెన దాటి బల్లార్షా చేరుతం. ఆ తరువాతది చంద్రపూర్. అక్కడి నుంచి మోహర్లి గేటు సుమారు 30 కిలోమీటర్లు. భాషకు భయపడే పని లేదు. ఆ పట్టణాల్లో తెలుగువాళ్లు చాలామంది ఉన్నరు. ఊర్లల్లో గోండి మాట్లాడేవాళ్లు ఉన్నరు. మరాఠీ వచ్చినోళ్లు మన హాస్టల్లోనే పది మంది దొరుకుతరు.

మొదటి రోజు చంద్రపూర్ చూడాలె. అది గోండు రాజుల రాజధాని. 1751 దాకా వాళ్లే ఏలిండ్రు. ఊరి చుట్టూ వాళ్లు కట్టిన కోట గోడ, జట్‌పురా దర్వాజా ఇప్పటికీ ఉన్నయి. మన సాంఘిక శాస్త్రం పుస్తకంలో వెతికినా ఆ రాజుల గురించి ఎక్కువ దొరకదు. గోడనైనా చూసి వద్దాం.

7. ఏమేమి తీసుకపోవాలె?

స్వెట్టర్ లేదా దుప్పటి (తెల్లారగట్ల తెరిచిన జిప్సీలో గాలి కోస్తది), టోపీ, నీళ్ల సీసా, ఆధార్ కార్డు, చిన్న నోటుబుక్కు, పెన్సిలు. బట్టలు ఆకు రంగువి, మట్టి రంగువి మంచిది. తళతళ మెరిసే ఎర్ర చొక్కాలు పండుగకు దాచుకోండి. సెంటు పూసుకోవద్దు. సెల్‌ఫోన్లు కోర్ లోపలికి రానియ్యరు, కాబట్టి ఆ ఆశ వదులుకోండి. ఎవరికైనా కడుపులో తిప్పే గుణం ఉంటే ముందురోజే మేడంకు చెప్పాలె. లోపల బండి ఆపి దింపరు.

8. లోపల ఎట్ల ఉండాలె?

బండి దిగవద్దు. నిలబడి చేతులు బయటికి పెట్టవద్దు. అరవవద్దు, ఈల వెయ్యవద్దు. తినేది ఏదీ విసరవద్దు. "ఇంకా దగ్గరికి తీసుకపో అన్నా" అని డ్రైవరును సతాయించవద్దు. పులి దారి దాటుతుంటే దాని దారికి అడ్డం పోతే అది బెదురుతది, పిల్లలున్న తల్లి అయితే మీద పడవచ్చు కూడా.

9. ఏం చూడాలె?

అందరూ పులి పులి అంటరు. నేను చెప్పేది ఏమిటంటే, పులి కనబడకపోయినా మన యాత్ర నష్టం కాకుండా ప్లాను వెయ్యాలె. పులి మన టైంటేబుల్ చూసి రాదు. అక్కడ అడవి దున్నలు, కణుతులు, చుక్కల దుప్పులు, మనుబోతులు, కొండగొర్రెలు, ఎలుగులు, రేసుకుక్కలు, కొండముచ్చులు ఉన్నయి. తాడోబా చెరువులో మొసళ్లు ఉన్నయి. ప్రతి బండివాళ్లు నోటుబుక్కులో మూడు గడులు గీసుకోవాలె: చూసినవి, విన్నవి, అడుగులు. తిరిగి వచ్చినంక ఆరు బండ్ల లెక్కలు కలిపి ఈ గోడపత్రికలోనే పెడదాం.

విన్నవి ఎందుకంటే, పులిని మొదలు కనిపెట్టేది కన్ను కాదు, చెవి. కొండముచ్చు చెట్టు మీది నుంచి అరుస్తది. దుప్పి కూస్తది. కానీ దుప్పి వట్టిగ బెదిరి కూడా కూయవచ్చు. కణితి కూత వింటే మాత్రం గైడు బండి ఆపుతడు, అది ఉత్తగ కూయదు. ఇక అడుగులు: కుక్క అడుగులో గోర్లు పడతయి, పులి అడుగులో పడవు. పులి నడిచేటప్పుడు గోర్లు లోపలికి ముడుచుకుంటది. ఇవన్నీ మన తాతలకు తెలుసు. మనం హాస్టళ్లకు వచ్చి మరిచిపోతున్నం.

10. దోస్తుకు నా జవాబు

తాడోబాలో గైడులు, జిప్సీ డ్రైవర్లు చాలామంది ఆ చుట్టుపక్కల ఊర్లవాళ్లే. కణితి కూత తెలిసినందుకు వాళ్లకు జీతం వస్తది. మన దగ్గర అదే విద్య తెలిసినోళ్లు కూలికి పోతున్నరు. కవ్వాల్ అడవిని 2012లో పులుల కేంద్రం చేసిండ్రు. రేపు ఇక్కడ గైడులు కావలసి వస్తే ఎవరు కావాలె? పట్నం నుంచి వచ్చినోళ్లా, మనమా? ఆ పని ఎట్ల ఉంటదో ఒక్కసారి కండ్లార చూడాలె.

ఇంకొకటి కూడా అడిగి రావాలె. తాడోబా కోర్‌లో ఉన్న బోటేజరి, నవేగావ్ వంటి ఊర్లను బయటికి తరలించిండ్రు. పులికి జాగా దొరికింది. ఊరోళ్లకు ఏం దొరికింది? భూమి ఇచ్చిండ్రా, దేవుడు ఎక్కడ ఉన్నడు, పిల్లలు ఏ బడికి పోతున్నరు? గైడు అన్నను ఈ మాట అడగాలె. జిప్సీలో కూర్చున్న పట్నపోళ్లు ఇది అడగకపోవచ్చు. మనం అడగకపోతే తప్పు.

ఇక ప్రాణం సంగతి. వంగి పత్తి ఏరే మనిషి, కూర్చొని గడ్డి కోసే మనిషి పులికి మనిషిలాగ కాదు, నాలుగు కాళ్ల జంతువులాగ కనబడుతడు. అందుకని గుంపుగా పోవాలె, మాట్లాడుకుంట పని చెయ్యాలె, తెల్లారగట్ల, పొద్దుగూకినంక ఒంటరిగ పోవద్దు అని అటవీశాఖ వాళ్లు చెప్తరు. మన అమ్మలు ఆ మాట సగం వింటరు, సగం వినరు. పులి ఎట్ల నడుస్తది, ఎట్ల దాక్కుంటది మనం చూసి వచ్చి చెప్తే ఇంకొంచెం వింటరని నా నమ్మకం.

కాబట్టి దోస్తు, నీ చేనుకాడికి వచ్చిన పులిని నువ్వు భయంతోని చూసినవ్, లేకపోతే చూడకముందే ఉరికినవ్. దాని పుట్టింటికి పోయి నిమ్మళంగ చూసివద్దాం. పైసలు కట్టేది పులి ముఖం చూడనీకి కాదు, దానితోని ఒకే అడవిలో ఎట్ల బతకాలెనో నేర్చుకోనీకి.

వార్డెన్ సారుకు మనవి: తల్లిదండ్రుల అనుమతి పత్రం మాదిరి ఈ పత్రిక కింద అతికించినం. దీపావళి లోపల పేర్లు ఇస్తేనే సంక్రాంతికి టికెట్లు దొరుకుతయి. రావాలనుకునేవాళ్లు పక్కన వేలాడదీసిన కాగితంలో పేరు, తరగతి రాయగలరు. పెన్సిలు దారానికి కట్టి ఉంది, దయచేసి తీసుకపోవద్దు.

ఇట్లు
మీ మిత్రుడు,
10వ తరగతి